పొగమంచులో పసుపు ఫాగ్ లైట్లు: కొన్ని చలికాలాలు వాడాక

నల్గొండ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ నడుపుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున బయల్దేరితే చిట్యాల దాటేదాకా మెడ, భుజాలు బిగుసుకుపోయేవి. వెనక సీట్లో ప్యాసింజర్ నిద్రపోతుంటాడు, ఫ్లైట్ టైము మన నెత్తి మీద ఉంటుంది, ముందు రోడ్డేమో కనబడదు. ఆ టెన్షన్ తట్టుకోలేకే పసుపు హాలోజన్ ఫాగ్ లైట్లు బిగించుకున్నాను. హెచ్11 బల్బులు, 55 వాట్లవి.

పానగల్లు ఉదయసముద్రం చెరువు దగ్గర మంచు బాగా కమ్ముతుంది. అక్కడ హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు బిందువులకు తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్ల గోడ లేచినట్టు. ఫాగ్ లైటు బంపర్‌లో కిందుగా ఉంటుంది. వెలుగు అడ్డంగా, వెడల్పుగా పరుచుకుంటుంది, పైకి లేవదు. లో బీమ్‌తో పాటు వేస్తే ఎడమ పక్క తెల్ల గీత, దాని అవతల మట్టి అంచు, ఇటు డివైడర్ రాళ్లు తేటగా తెలుస్తాయి. దూరం మాత్రం కనబడదు. కానీ అంచు కనబడితే చాలు, స్టీరింగ్ మీద పట్టు దానంతటదే సడలుతుంది. డబ్బులు పెట్టినందుకు నాకు దొరికింది అదే, అది తక్కువేం కాదు.

పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందని షాపుల్లో చెబుతారు. అది నిజం కాదు. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. మా బామ్మర్ది బండికి తెల్ల ఎల్ఈడీలున్నాయి. రెండు బండ్లూ నడిపి చూశాను, దూరంలో తేడా లేదు. పసుపుకైతే నా కళ్లు తక్కువ అలుస్తున్నాయి. రాత్రిళ్లు నడిపేవాడికి అదొక్కటి చాలు.

ఈ లైట్లతో తీరని భయం ఒకటుంది, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, జిన్నింగ్ మిల్లులకు పత్తి వెళ్లేది కూడా ఈ చలిలోనే. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 50 మీటర్లే కనిపించే మంచులో ట్రాలీ కంటపడ్డాక మిగిలేది మూడు సెకన్లు. అందుకే ఫాగ్ లైట్లున్నా నేను 40 దాటను, ప్యాసింజర్‌ను ముందే బయల్దేరదామని బతిమాలుకుంటాను. ట్రాక్టర్ ఉన్న అన్నలారా, ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికించండి, దండం పెడతాను. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపేవాళ్లు కూడా ఆ అలవాటు మానాలి. ముందు బండి ఆగిందో, పోతోందో వెనకొచ్చేవాడికి తెలియదు.

మన్నిక పర్వాలేదు. రాయి తగిలి ఒక వైపు అద్దానికి బీట పడింది, అందులోంచి తేమ చేరి వెలుగు మసకబారితే ఆ ల్యాంపు మార్పించాను. వైరింగ్‌కు రిలే (లైట్ల కరెంటు భారం స్విచ్ మీద పడకుండా చూసే చిన్న పరికరం) తప్పనిసరిగా పెట్టించండి. స్పీడ్ బ్రేకర్లకు యాంగిల్ కదులుతుంది. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపి చూస్తే, వెలుగు పై అంచు ల్యాంపు ఎత్తు కంటే నాలుగు అంగుళాలు కిందికి పడాలి. మీ బండికి కంపెనీ ఇచ్చిన ఫాగ్ లైట్లు ఉంటే ముందు ఇది సరిచేయించి ఒక చలికాలం నడిపి చూడండి, కొత్తవి కొనే సంగతి తర్వాత.