గంగా డాల్ఫినా, చెట్టు నాచా: కాలుష్యం గుట్టు చెప్పడంలో ఏది మేలు?

డాల్ఫిన్‌కీ నాచుకీ పోలికేంటి అనిపించొచ్చు. కానీ రెండూ వేగుల్లాంటివే. ఒకటి నీటి సంగతి చెబుతుంది, రెండోది గాలి సంగతి.

పేరులో డాల్ఫిన్‌దే పైచేయి. 2009లో మన జాతీయ జలచరంగా ఎంపికైంది. బీహార్‌లో భాగల్‌పూర్ దగ్గర 1991 నుంచే దానికో అభయారణ్యం ఉంది. దాని కంటిలో కటకం లేదు. బురద నీళ్లలో శబ్దాలు వదిలి, ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కుంటుంది. ఊపిరి కోసం పైకొచ్చేది క్షణకాలమే: సూస్‌మని ఒక చప్పుడు, బూడిదరంగు వీపు, అంతే, మాయం. లెక్కపెట్టేవాళ్ల తిప్పలు ఊహించుకోండి. 2025లో వెలువడిన లెక్క కోసం 28 నదుల్లో 8,500 కిలోమీటర్లు తిరిగితే తేలినవి 6,327. వాటిలో మూడు మాత్రం దగ్గరి చుట్టాలు, బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు.

పైగా తల్లి రెండు మూడేళ్లకు ఒక్క పిల్లనే కంటుంది. సంఖ్య పడిపోయిందని మనకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. తెలిసినా కారణం తేలదు. వలలో చిక్కాయా, బ్యారేజీ అడ్డమొచ్చిందా, ఫ్యాక్టరీ మురుగా?

నాచు అలా కాదు. (చెరువులో పాకుడునీ మనం నాచే అంటాం. నేను చెప్పేది మాను మీద మెత్తగా పట్టేదాని గురించి.) నేలలోంచి నీరు లాగే వేళ్లు దానికి లేవు. వాననీ గాలినీ ఆకులతోనే పీల్చుకుంటుంది, వాటితో వచ్చిన లోహాలు అందులోనే ఉండిపోతాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2013లో శాస్త్రవేత్తలు ఆర్థోట్రైకమ్ లయెల్లీ అనే నాచును 346 చోట్ల చెట్ల మీంచి గిల్లి ల్యాబ్‌కి పంపారు. ఫలితాలు మ్యాప్ మీద పెడితే రెండు చోట్ల కాడ్మియం అనే విష లోహం బాగా ఎక్కువగా కనబడింది. రెండూ రంగు గాజు తయారయ్యే చోట్ల పక్కనే! గాజుకి పసుపు, ఎరుపు రంగులు తెచ్చేది కాడ్మియమే మరి. చుట్టూ ఇళ్లున్నాయి, అయినా అప్పటిదాకా ఎవరూ పసిగట్టలేదు.

మనం పీల్చే గాలిలో ఎంత విషముందో మాత్రం నాచు కచ్చితంగా చెప్పలేదు. దానికి 2015లో అక్కడ మిషన్లు పెట్టాల్సి వచ్చింది. ఎక్కడ పెట్టాలో చూపింది మాత్రం నాచే.

నిధులు రాబట్టాలంటే పోస్టర్ మీద డాల్ఫిన్ ఉండాల్సిందే, నాచును చూడ్డానికి ఎవరూ పడవెక్కరు. గుట్టు లాగాలంటే మాత్రం నా ఓటు నాచుకే. మన ఎండలకి మానుల మీద అంత నాచు దొరకదంటారా? శుభ్రమైన చోటి నాచును వల సంచుల్లో కట్టి, కావలసిన చోట కొన్ని వారాలు వేలాడదీసి పరీక్షించే పద్ధతీ ఉంది. డాల్ఫిన్‌ని అలా సంచిలో వేసుకుని తిరగలేం కదా!