అరెంట్ నుంచి కవరెరో దాకా: ఒక ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉందంటే

ఇటలీ రాజకీయ తత్త్వం అనగానే అందరూ జార్జో అగాంబెన్‌తో మొదలుపెడతారు, చాలామంది ఆయన దగ్గరే ఆగిపోతారు. ఇటలీ తత్త్వవేత్తలకూ ఫినామినాలజీకీ మధ్య సంభాషణ అన్న పేరుతో నడిచిన ఈ కోర్సూ సగానికి పైగా ఆయనకే ఇచ్చేసింది. అయినా కట్టిన డబ్బు దండగ అనను. ఇటలీ స్త్రీవాద తత్త్వవేత్త అడ్రియానా కవరెరో మీద చెప్పిన పాఠాలు అంత బాగున్నాయి.

అనుభవంలో ప్రపంచం మనకెలా ఎదురవుతుందో అక్కణ్ణుంచే ఆలోచన మొదలుపెట్టడం ఫినామినాలజీ పద్ధతి. దాన్ని రాజకీయాల్లోకి తెచ్చినవాళ్లలో జర్మనీలో పుట్టిన తత్త్వవేత్త హన్నా అరెంట్ ముఖ్యురాలు. మనిషి 'ఏమిటి' అన్నది వేరు, 'ఎవరు' అన్నది వేరు అంటుంది 1958 నాటి 'ద హ్యూమన్ కండిషన్'లో. నేను కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తాను. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి: ఇవన్నీ 'ఏమిటి' కిందికే వస్తాయి. ఆ 'ఎవరు' మాత్రం క్రాస్‌లో తడబడి, తేరుకుని, తన మాటల్లో చెప్పడం మొదలుపెట్టినప్పుడు బయటపడతారు. అది నా టైపులోకి ఎక్కదు.

అగాంబెన్ పాఠాల్లో మొదటివి గట్టివే. జీవమాత్రపు బతుకు, అంటే ఒట్టి ప్రాణంతో ఉండడం, రాజకీయాల్లోకి ఎక్కడాన్ని గమనించిన అరెంట్ దాన్ని తన నిరంకుశత్వ విశ్లేషణతో కలపలేదు, ఫ్రెంచ్ తత్త్వవేత్త ఫూకో నాజీ శిబిరాల వైపు వెళ్లలేదు. ఈ ఖాళీలోంచే 1995లో అగాంబెన్ పుస్తకం 'హోమో సాకెర్' పుట్టింది. మాస్టారు ఈ సంగతి విడమరిచి చెప్పారు. ఆ తర్వాత మాత్రం చట్టాన్ని పక్కన పెట్టగల సార్వభౌముడు, ఏ రక్షణా లేకుండా మిగిలిన నగ్న జీవితం అంటూ అదే పాట. ఆష్విట్జ్ నాజీ శిబిరం మీద, సాక్ష్యం మీద అగాంబెన్ 1998లో రాసిన పుస్తకం కోసం నేను కాచుకుని ఉంటే, ఒక్క స్లైడుతో దాటేశారు! శిబిరం లోపలి మనిషికి ప్రపంచం ఎలా కనబడిందని అడగడానికి అంతకన్నా మంచి చోటు ఉందా?

మరో ఇటలీ తత్త్వవేత్త రొబెర్తో ఎస్పొసీతోకు ఒకే పాఠం. తన పుస్తకం 'బియోస్' చివర్లో ఫ్రెంచ్ ఫినామినాలజిస్టు మెర్లో-పాంతీ నుంచి దేహమాంసం అన్న ఆలోచనను ఎలా అందుకున్నాడో చెప్పారు, చాలు.

కవరెరో దగ్గరికొచ్చేసరికి మాస్టారి గొంతే మారింది. లియొనార్డో చిత్రం తెర మీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. తల్లి ఆన్ ఒడిలో కూర్చున్న మరియ, గొర్రెపిల్లతో ఆడుకుంటున్న బిడ్డ యేసు వైపు వంగి ఉంటుంది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఊహించిన మనిషి తన కాళ్ల మీద నిటారుగా నిలబడతాడు. కవరెరో ఈ వంగిన ఒంటిని అతనికి ఎదురుగా పెడుతుంది. ప్రతి పుట్టుకా ఒక కొత్త ఆరంభం అని అరెంట్ అంది సరే, ఆ పుట్టుక దగ్గర అమ్మ ఏదీ అని కవరెరో అడుగుతుంది. ఇది అరెంట్‌ను తోసిపుచ్చడం కాదు, ఆమె చూసిన చోటే ఇంకొంచెం దగ్గరగా చూడడం. సంభాషణ అని కోర్సు పేరులో పెట్టుకున్నది నాకు ఇక్కడే వినబడింది.

ఇక ఏర్పాట్లు. సబ్‌టైటిళ్లు యంత్రం రాసినవి, ఎస్పొసీతో పేరు ఒక్కోసారి ఒక్కోలా పడింది. చదవమని ఇచ్చిన స్కాన్లలో పేజీ అంచులు తెగిపోయాయి. చర్చ అని పెట్టిన గంటలో ముప్పావు వంతు మళ్లీ మాస్టారే మాట్లాడారు.

అరెంట్‌ను కొంచెమైనా చదివి ఉంటే చేరండి. లేకపోతే అగాంబెన్ దగ్గర విసుగొచ్చి మానేస్తారు. కవరెరో పాఠాలు విడిగా ఇస్తారా అని అడిగాను, ఇవ్వరట.