కప్పు మీది రూఫ్ జాక్: 11 చలికాలాల వాడకం తర్వాత

పశ్చిమ మిషిగన్‌లో, సరస్సు మీదుగా వచ్చే మంచు నవంబరులో మొదలై మార్చి దాకా వదలని చోట, మేము 11 చలికాలాలుగా ఒక మాన్యుఫాక్చర్డ్ హోమ్‌లో ఉంటున్నాము. ఇక్కడ అందరూ దీన్ని మొబైల్ హోమ్ అనే అంటారు గాని, ఇది అమెరికా గృహనిర్మాణ శాఖ (హడ్) 1976 జూన్ నుంచి అమలు చేస్తున్న ప్రమాణాల ప్రకారం ఫ్యాక్టరీలో ఉక్కు చట్రం మీద కట్టి, బయటి గోడకు ఎర్రటి లోహపు బిళ్ళ కొట్టి పంపిన ఇల్లు. ఇంటిని వెచ్చగా ఉంచేది ప్రొపేన్‌తో నడిచే ఫర్నేస్. దాని పొగను కప్పు గుండా బయటికి పంపే గొట్టాన్ని రూఫ్ జాక్ అంటారు. నేను రాయదలచుకున్నది ముఖ్యంగా ఆ గొట్టం గురించే. ఇన్నేళ్ళలో మా ఫర్నేస్ ఇబ్బంది పెట్టింది రెండే రెండుసార్లు, ఆ రెండుసార్లూ తప్పు గొట్టం దగ్గరే తేలింది.

మామూలు ఇళ్ళలో వాడే ఫర్నేస్‌ను ఈ ఇళ్ళలో పెట్టడానికి వీలులేదు. వంట పొయ్యి, బట్టల డ్రయ్యరు వంటి కొన్ని తప్ప, ఇంధనాన్ని మండించే ఏ పరికరమైనా ఇంట్లోని గాలితో సంబంధం లేకుండా, మండటానికి కావలసిన గాలిని బయటి నుంచే తెచ్చుకోవాలన్నది హడ్ నిబంధన. ఇల్లు చిన్నది, గదుల్లో గాలి తక్కువ. వంటింటి ఫ్యాను, బట్టలారబెట్టే డ్రయ్యరు కలిసి గాలిని బయటికి లాగేస్తుంటే, పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి గదిలోకే వచ్చే ప్రమాదం ఉంటుంది. తలుపులు మూసుకుని కుంపటి పక్కన పడుకోవద్దని మా నాయనమ్మ ఎందుకు కసిరేదో, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఎందుకు ప్రాణం తీస్తుందో, ఈ నిబంధన వెనక ఉన్నదీ అదే భయం.

అందుకే రూఫ్ జాక్‌లో ఒక గొట్టంలో మరొక గొట్టం ఉంటుంది. లోపలి గొట్టంలో పొగ పైకి పోతుంది, రెండింటి నడుమ ఉన్న సందులో బయటి గాలి కిందికి దిగి, దారిలో కాస్త వేడెక్కి, మంట దగ్గరికి చేరుతుంది. గాలి లోపలికి వచ్చే చోటూ పొగ బయటికి పోయే చోటూ ఒకే టోపీ కింద ఉండటం వల్ల ఎంత ఈదురుగాలి కొట్టినా రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానంగానే ఉంటుంది. కప్పు దడదడలాడే రాత్రుల్లో కూడా మంట ఊగడం నేను చూడలేదు. ఈ అమరికలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే.

మొదటి ఇబ్బంది రెండో ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. తెల్లవారుజామున ఫర్నేస్ ఆగిపోయి, లోపలి సర్క్యూట్ బోర్డు మీది దీపం మిణుకుమిణుకుమంటోంది. అన్నిసార్లు అలా మిణుకుమంటే ప్రెషర్ స్విచ్ తెరుచుకుందని అర్థమని తలుపు లోపల అంటించిన కాగితంలో ఉంది. నిచ్చెన వేసి చూస్తే, గాలికి పేరుకున్న మంచు గొట్టం టోపీని ముప్పావు వంతు కప్పేసింది. పొగకు దారి లేనప్పుడు గ్యాస్ వెలగనివ్వకుండా ఆపడమే ఆ స్విచ్ పని కనుక దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఆ వేసవిలో తయారీదారు అమ్మే పొడిగింపు ముక్కను పెట్టించాము, మళ్ళీ ఆ బాధ రాలేదు.

రెండోది అంత తేలికైనది కాదు. ఏడో ఏడాది వేసవిలో కప్పు మీది పాత షింగిల్స్ (తారు పలకలు) పీకకుండా వాటి మీదే కొత్త పొర వేయించాము. పనివాళ్ళు రూఫ్ జాక్ చుట్టూ నీరు దిగకుండా ఉండే ఫ్లాషింగ్ రేకును పైకెత్తి, కింద కొత్త పొర దూర్చి, మళ్ళీ సీలెంట్ పూసి వెళ్ళారు. పైనుంచి చూస్తే చక్కటి పని. కాని రేకుతో పాటు గొట్టం కూడా సుమారు అంగుళంన్నర పైకి లేచిందని, ఫర్నేస్ నెత్తిన గొట్టం కూర్చునే కాలర్ నుంచి లోపలి గొట్టం ఊడివచ్చిందని మాకు డిసెంబరు దాకా తెలియలేదు.

తెలియడం కూడా ఎలాగంటే, ఒక సాయంత్రం ఫిల్టరు మార్చడానికి ఫర్నేస్ ఉన్న అల్మారా తలుపు తీసినప్పుడు, బర్నర్ ముందున్న చిన్న గాజు కిటికీలో మంట పసుపు పచ్చగా, కొసలు సాగి, దిక్కులేనట్టు అటూ ఇటూ తూలుతూ కనిపించింది. అంతకు ముందు ఎప్పుడు చూసినా అది గీసినట్టు నిలబడే నీలి మంట. నడవలోని కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం మోగలేదు, కాని దాని మీది అంకె 41 చూపిస్తోంది. ఇక్కడి అలారాలు 70 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకు 70 పాళ్ళు) దగ్గర కూడా ఒక గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా తయారవుతాయి కనుక, మోగకపోవడాన్ని క్షేమానికి గుర్తుగా తీసుకోకూడదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఫర్నేస్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలను పక్కింటి వాళ్ళ దగ్గర పడుకోబెట్టాము.

మర్నాడు వచ్చిన టెక్నీషియన్ టార్చి వేసి చూపించాడు. లోపలి గొట్టం అంచుకూ కాలర్‌కూ మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు. అక్కడ తప్పించుకున్న పొగ మంట కోసం దిగివస్తున్న గాలిలో కలిసి మళ్ళీ బర్నర్‌కే చేరుతోంది. ఆక్సిజన్ చాలక మంట పసుపెక్కుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది; బయటి గొట్టం అడుగున సీలు కూడా విడిపోవడంతో దానిలో కొంత అల్మారాలోకి వస్తోంది. గొట్టాన్ని కాలర్‌కు బిగించవలసిన స్క్రూలు మొదటి నుంచీ ఒక్కటీ లేవు. ఇన్నేళ్ళూ అది కేవలం తన బరువుతో కూర్చుని ఉంది.

కొత్త రూఫ్ జాక్‌కూ కూలికీ కలిపి మాకు 640 డాలర్లయ్యాయి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు పొగగొట్టాన్ని సగం ధరకే పెట్టేస్తామన్న వాళ్ళు కూడా తగిలారు గాని, ఫర్నేస్ తయారీదారు ఆ మోడల్‌కు ఆమోదించిన జాక్ తప్ప వేరేది పెట్టకూడదు. కప్పు వాలును బట్టి, ఫర్నేస్ నెత్తి నుంచి కప్పు దాకా ఉన్న ఎత్తును బట్టి సరైన దాన్ని ఎంచుకోవాలి. బిగించాక టెక్నీషియన్ గొట్టంలో మీటరు పెట్టి పొగను పరీక్షించి, ఆ కాగితాన్ని మాకిచ్చి వెళ్ళాడు.

విసుగు పుట్టించేవీ లేకపోలేదు. ఫ్లాషింగ్ అంచుల సీలెంట్ ఎండకూ మంచుకూ పగిలిపోతుంది కనుక రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ పూయక తప్పదు. ఒకసారి అశ్రద్ధ చేస్తే అల్మారా సీలింగు మీద తేనెరంగు మరక తేలింది. మాది 80 శాతం సామర్థ్యపు ఫర్నేస్. 90 శాతం దాటిన రకానికి మారదామని ఆలోచించాను గాని, వాటికి వేరే ప్లాస్టిక్ గొట్టాలూ, లోపల చేరే నీరు పోయే దారీ కావాలి, ఇప్పుడున్న రూఫ్ జాక్ పనికిరాదు. లెక్క వేసుకుని మానేశాను. కప్పు మీద కూలరో, బయటి గాలిని మోటారుతో ఇంట్లోకి లాగే మరేదైనా పరికరమో పెట్టుకునేవారు దాన్ని పొగ బయటికొచ్చే చోటికి కనీసం 3 అడుగుల దూరంలో పెట్టాలన్న నిబంధనను ముందే చూసుకోవాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి గొట్టానికి కాదు, కప్పు పని చేయించాక కింది కాలర్‌ను కూడా విప్పి చూడాలని ఎవరూ చెప్పకపోవడానికి. ఇప్పుడు ప్రతి అక్టోబరులో నేనే అల్మారా తలుపు తీసి, మూడు స్క్రూల తలల మీద ఎర్ర మార్కరుతో గీసిన గీతలు కాలర్ మీది గీతలతో కలుస్తున్నాయో లేదో చూస్తాను. ఈ ఏడాది కలిశాయి. మంట నీలంగానే ఉంది.