చత్వారం వచ్చాక పీప్ సైట్‌తో తొమ్మిదేళ్లు

నాది మూతిలోంచి మందు, గుండు దట్టించి కాల్చే పాతకాలపు పద్ధతి రైఫిల్. లైమన్ గ్రేట్ ప్లెయిన్స్, .50 క్యాలిబర్, గొట్టం పొడవు 32 అంగుళాలు. గుడ్డముక్కలో పెట్టి దించే గుండ్రటి సీసపు గుండు కోసం చేసింది కాబట్టి గొట్టం లోపల గుండును తిప్పే గాళ్ల మెలిక బాగా నిదానం, 60 అంగుళాలకు ఒక్క చుట్టు. మాది గుంటూరు, ఉద్యోగం వల్ల సిన్సినాటి దగ్గర స్థిరపడ్డాం. అక్కడి నుంచి గంటకు పైగా కారులో వెళ్తే ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అని చిన్న ఊరు వస్తుంది. 1933లో మొదలైన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వారి వాల్టర్ క్లైన్ రేంజ్ ఆ ఊళ్లోనే ఉంది. ఈ తుపాకుల మీద నాకు ఇష్టం పుట్టిందీ అక్కడే.

నలభై దాటాక వచ్చే చూపు మందాన్ని మనవాళ్లు చత్వారం అన్నారు. చత్వారింశత్ అంటే నలభై కదా, పేరులోనే వయసుంది. కంట్లోని కటకం గట్టిపడి, దగ్గరికీ దూరానికీ చకచకా మారలేకపోతుంది. పేపరు చదవడానికి అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. గురి చూసేవాడి ఇబ్బంది వేరు. వాడికి మూడు వస్తువులు ఒకేసారి కనబడాలి: కంటికి మూరెడు దూరంలో వెనక సైట్ (గురి కుదుర్చుకునే గుర్తు) గాడి, గొట్టం చివర ముందు సైట్, 50 గజాల అవతల నల్లటి చుక్క. వయసులో ఉన్న కన్ను మూడింటి మధ్యా పరుగులు పెట్టి ఎలాగో సర్దుకుంటుంది. నా కన్ను 47వ ఏట ఆ పని మానేసింది. గాడి రెండు బూడిదరంగు ముద్దలుగా, ముందు సైట్ మొన ఒకదాని మీద ఒకటి రెండు నీడలుగా కనబడేది. మొన పైఅంచు ఎక్కడుందో తెలియకపోవడంతో గుండ్లు కాగితం మీద నిలువునా జారిపోయేవి. పక్కలకు బాగానే ఉండేవి, పైకీ కిందికీ మాత్రం జానెడు తేడా. మందు కొలత మార్చాను, గుడ్డ మందం మార్చాను. తప్పు తుపాకీలో లేదని ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది.

2016లో పీప్ సైట్ బిగించాను. గొట్టం వెనక, కంటికి బెత్తెడు దూరంలో నిలబడే చిన్న బిళ్ల, దానికి సుమారు 1 మిల్లీమీటరు బెజ్జం. చిన్నప్పుడు పిడికిలి బిగించి సన్నటి సందులోంచి దూరంగా ఉన్న బోర్డు చదివి ఉంటారు. ఇదీ అంతే. బెజ్జం చిన్నదైతే కంట్లోకి వెళ్లే వెలుగు సన్నబడి, దగ్గరా దూరమూ రెండూ తేటపడతాయి. ఇంకో మేలు కూడా ఉంది. బెజ్జాన్ని మనం చూడం, అందులోంచి చూస్తాం. ముందు సైట్‌ను బెజ్జం నడిమధ్యకు తెచ్చే పని కన్ను తనంతట తానే చేసేస్తుంది. మూడు వస్తువులు రెండయ్యాయి. మొదటి రోజే 50 గజాల్లో ఐదు గుండ్లు నా అరచేతి కింద దాగిపోయాయి. ఇంటికి వచ్చేదాకా ఆ కాగితం పక్క సీటులోనే పెట్టుకున్నాను.

అయితే బిళ్ల ఒక్కటే చాలదు, అద్దం కూడా కుదరాలి. ఈ సమీక్షలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. రోజూ పెట్టుకునే, పైనుంచి కిందికి పవరు మారే ప్రోగ్రెసివ్ అద్దాలు ఇక్కడ పనికిరావు. చెంప తుపాకీకి ఆన్చి తల వంచగానే చూపు అద్దం పైమూలలోంచి పోతుంది, అది దూరానికి చేసిన భాగం. ముందు సైట్ కోసం తల ఎత్తితే చెంప లేస్తుంది, గురి పోతుంది. ప్రత్యేకంగా ఒక జత చేయించుకున్నాను, అదీ తప్పింది. చేసినాయన ముందు సైట్ మీదే పూర్తిగా కుదిర్చాడు. సైట్ సూదిలా కనబడింది కానీ నల్లచుక్క అంచులు కరిగిపోయాయి.

రెండోసారి మా ఆవిడ బట్టలు కుట్టే టేపు తీసింది. నేను హాల్లో తుపాకీ ఎత్తి నిలబడితే కంటి దగ్గర నుంచి ముందు సైట్ దాకా పట్టుకుని, "నలభై రెండు అంగుళాలండీ" అంది. అంటే మీటరు కంటే కాస్త ఎక్కువ. మీటరు దూరానికి కంటికి కావలసిన అదనపు పవరు 1.00, దూరానికి సున్నా. రెండింటికీ సర్దుబాటుగా సగం, 0.50. నా దూరపు పవరు -1.25 కాబట్టి దానికి 0.50 కలిపి -0.75, ఒకే పవరున్న మామూలు అద్దం, దానిలోనూ చూపు కేంద్రం కొంచెం పైకి, ముక్కు వైపుకు. సైట్ కొంచెం, చుక్క కొంచెం మసక ఉంటాయి. ఆ మిగిలిన మసకను బెజ్జం తుడిచేస్తుంది. టేపు కంటి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి, తుపాకీ తీసుకెళ్లలేరు కదా. పైగా మందును అంటించే క్యాప్ అనే చిన్న రాగి టోపీ పేలినప్పుడు రాగి తునకలు ఎగురుతాయి. చూపు బాగున్నవాళ్లకైనా కళ్లద్దాలు తప్పనిసరి.

ముందు సైట్ మెరవకూడదు. ఎండ కుడి నుంచి పడితే మెరిసే అంచునే మధ్య అనుకుని గురి పెడతాం, గుండు ఎడమకు పోతుంది. రేంజ్‌కు వెళ్లగానే, మందు డబ్బా తెరవకముందే, దానికి దూరంగా కొవ్వొత్తి వెలిగించి సైట్‌కు మసి పట్టిస్తాను. మా అమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది, ఆ నలుపే ఇది. వేలు తగలనివ్వకపోతే సాయంత్రం దాకా ఉంటుంది.

లోపాలు కూడా రాయాలి. మబ్బు పట్టినా, చెట్ల నీడలో పొద్దు వాలినా చిన్న బెజ్జంలోంచి ఏమీ కనబడదు. పెద్ద బెజ్జం బిళ్ల జేబులో ఉండాలి, అది పెట్టాక తేటదనం తగ్గుతుంది. చిన్న బెజ్జం కంట్లో తేలే నలకలను కూడా ఎత్తి చూపిస్తుంది. మొదటిసారి చూసి భయపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను, అవి ఎప్పటినుంచో ఉన్నవే. తుపాకీ మందు మసి గాలిలో తేమ పీల్చుకుంటుంది, క్యాప్ తొడిగే నిపుల్ పక్కనే ఉండటంతో సైట్ మరలకు తుప్పు వస్తుంది. రెండో ఏడు ఒక మర కదలనంటే కదలనంది, అప్పటి నుంచి కాల్చిన రోజే విప్పి నూనె రాస్తున్నాను. ఈ సైట్ తుపాకీ కర్ర వైపు ఉంటుంది, గొట్టాన్ని కడగడానికి ఊడదీసి మళ్లీ కొక్కేనికి తగిలించాలి. ఆ కొక్కెం వదులుగా ఉంటే గురి మారిపోతుంది. నాది బిగుతుగా ఉంది, తొమ్మిదేళ్లలో మారలేదు. కొనేముందు ఆ పట్టు చేత్తో కదిపి చూడండి.

పాత పద్ధతికే కట్టుబడిన కొన్ని పోటీల్లో పీప్‌ను ఒప్పుకోరు. వాటికి వెళ్లాలంటే వెనక సైట్ గాడిని గొట్టం మీద ఐదారు అంగుళాలు ముందుకు జరిపించుకోవడం ఒక దారి. కంటికి దూరమయ్యేకొద్దీ మసక తగ్గుతుంది.

పోయిన ఏడు కుడి కంట్లో శుక్లం మొదలైందన్నారు. ఆపరేషన్‌లో పెట్టే కటకాన్ని దూరానికి కుదిర్చేలా మాట్లాడుకున్నాను. అది ఎటూ సాగదు కాబట్టి ఆ తర్వాత కూడా ఇదే లెక్క, దూరపు పవరుకు 0.50 కలిపిన అద్దం. టేపు మీద 42 దగ్గర మా ఆవిడ ఎర్రదారం ముడివేసి ఉంచింది.