కుడి మోకాలు మార్పించుకుని మూడేళ్లు: ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది

ఇప్పుడు నాకు రెండు రకాల మోకాళ్లున్నాయి. కుడిది మూడేళ్ల కిందట మార్పించుకున్నది, ఎడమది పుట్టుకతో వచ్చినది. రెండింటినీ రోజూ వాడుతున్నాను కాబట్టి పోల్చి చెప్పే అర్హత కాస్త ఉందనుకుంటున్నాను. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, ఉండేది రాజమండ్రి. బోర్డు ముందు నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగాయని మా వారు అందరికీ చెబుతుంటారు. డాక్టరు గారు మాత్రం వయసు, బరువు, మా అమ్మ వైపు నుంచి వచ్చిన దొడ్డికాళ్లు, అన్నీ కలిశాయన్నారు.

ఆపరేషన్ ఖాయమైనవాళ్లు ఎవరో ఒకరు తరచూ ఫోన్ చేస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒకటే: "ఎంత వంగుతోంది టీచర్?" వంగడం సంగతి తర్వాత చూద్దాం, కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా అన్నది ముందు చూసుకోండి అంటాను. వినేవాళ్లకు వింతగా ఉంటుంది. మడవడానికి అందరూ కష్టపడతారు, చాపడం దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు. మోకాలు ఐదు పది డిగ్రీలు వంగి ఉండిపోతే ఆ కాలు పొట్టి అయినట్టే, నడకలో కుంటు పోదు, నడుం నొప్పి అదనం. 90 డిగ్రీలు వంగితే కుర్చీలో కూర్చోవచ్చు, ఇంకొంచెం వంగితే మెట్లెక్కవచ్చు. కానీ సున్నా దాకా చాచుకోకపోతే తిన్నగా నిలబడటమే కుదరదు. ఈ సమీక్షలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకునేటట్టయితే అది ఇదే కావాలని నా కోరిక.

ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలన్నది నన్నడిగితే, నొప్పి బిళ్లలు, బరువు తగ్గడం, వ్యాయామం, ఇంజెక్షన్లు అన్నీ అయిపోయి రాత్రి నిద్ర కూడా చెడుతున్నప్పుడు. ఎక్స్‌రే చూసి భయపడి కాదు. అన్నట్టు ఎక్స్‌రే నిలబెట్టి తీయించుకోండి. పడుకోబెట్టి తీసిన నా పాత ఫిల్ములో ఎముకల మధ్య ఖాళీ బాగానే కనబడేది. నిలబడి తీస్తే లోపలివైపు ఎముక ఎముకా ఒరుసుకుంటున్నాయి.

2000లో వాజ్‌పేయి గారు ప్రధానిగా ఉండగా ముంబైలో ఎడమ మోకాలు మార్పించుకున్నప్పుడు మా స్టాఫ్ రూమంతా అదే చర్చ. అప్పట్లో అది పెద్దవాళ్లకు జరిగే వింత. ఇప్పుడు మా వీధిలోనే నాలాంటివాళ్లు ముగ్గురున్నారు.

ఖర్చు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే టెన్షన్ ఎక్కువ ఇక్కడే. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మామూలుగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించిన ధర 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకుముందు అదే వస్తువు సగటున లక్షన్నర పైమాటే. కాబట్టి ఎవరైనా ఇంప్లాంటు ఒక్కదానికే లక్షలు చెబితే కారణం అడగండి. కానీ బిల్లులో ఇంప్లాంటు ఒక భాగమే. ఆపరేషన్ థియేటరు, సర్జన్ ఫీజు, గది, మందులు కలిస్తే మొత్తం వేరుగా ఉంటుంది, అందుకే ప్యాకేజీలో ఏమేం కలిసి ఉన్నాయో రాయించుకోవాలి. నేను చూపించుకున్న మొదటి ఆసుపత్రిలో కౌన్సిలర్ అమ్మాయి నన్నొక పావుగంట కూర్చోబెట్టి బంగారు రంగు మోకాలు పెట్టించుకోమని ఒప్పించే ప్రయత్నం చేసింది. ముప్పై ఏళ్లు గ్యారంటీ అట. ఆ గ్యారంటీ కాగితం మీద రాసివ్వమ్మా అంటే సార్‌ని అడగాలంది. రెండో చోట సర్జన్ గారు సూటిగా చెప్పారు: అది లోహం మీద పూత, నికెల్ అలర్జీ ఉన్నవాళ్ల విషయంలో ఆలోచిస్తాం, మీకు అక్కర్లేదు. నేను మామూలుదే పెట్టించుకున్నాను, లోపం కనబడలేదు. ఎంతకాలం మన్నుతుందంటారా? 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో నూటికి 82 దాకా పాతికేళ్లు పనిచేస్తాయి. ఆ లెక్క చాలు నాకు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీలో కీళ్ల మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూసుకోండి. చాలా పాలసీల్లో రెండేళ్లు ఉంటుంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇంప్లాంటు కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్లు అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. మాకు అడిగితేగానీ ఇవ్వలేదు. రేపెప్పుడైనా లోపల ఏదైనా మార్చాల్సివస్తే ఆ స్టిక్కరే ఆధారం.

ముందు జాగ్రత్తల్లో అన్నిటికన్నా లాభసాటి పని, ఆపరేషన్‌కి నెలా నెలన్నర ముందే తొడ కండకి పని చెప్పడం. పడుకుని మోకాలిని మంచానికి నొక్కి కొంతసేపు బిగబట్టి వదలడం, కాలు వంచకుండా జానెడెత్తు లేపి ఉంచడం. చేతులకూ పని చెప్పాలి, వాకర్ మీద బరువు మోసేవి అవే. షుగర్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు చూసిగానీ తేదీ ఇవ్వరు. పళ్లలో చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలివేళ్ల మధ్య పుళ్లు ఉన్నా అవి మానే దాకా వాయిదా వేస్తారు. చిరాకు పడకండి, ఎక్కడో ఉన్న సూక్ష్మజీవి వెళ్లి కొత్త మోకాలి మీద కూర్చుంటే మళ్లీ తెరవాల్సివస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు.

ఇంట్లో మార్పులకు నేను ఖర్చుపెట్టింది తక్కువ, దక్కిన సుఖం ఎక్కువ. బాత్రూంలో కమోడ్ పక్క గోడకి స్టీలు పట్టీ బిగించాం. కమోడ్ మీద ఎత్తు సీటు వేశాం. స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ. గడప దగ్గర చిన్న చెక్క వాలు. హాల్లో పరిచిన గోనె పట్టాలు, కాలు తుడుచుకునే గుడ్డలు అన్నీ తీసేశాం. ఇక బట్టల సంగతి ఏ డాక్టరూ చెప్పరు: వాకర్ వాడినన్నాళ్లూ చీర వద్దు. కుచ్చిళ్లు వాకర్ కాలి కింద పడితే మనిషి ముందుకి తూలుతుంది. చీలమండ పైకి ఉండే నైటీలు నాలుగు కుట్టించుకున్నాను, జేబుతో సహా. ఫోను, కళ్లజోడు ఆ జేబులోనే. రెండు చేతులూ వాకర్‌కే పోతాయి కాబట్టి ఆ జేబు విలువ ఇంతా అంతా కాదు.

ఆసుపత్రిలో గడిపిన రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వెన్నుకి మత్తు ఇచ్చారు, సుత్తి చప్పుడు లీలగా వినబడింది, మర్నాడు పొద్దున్నే నిలబెట్టి నడిపించారు. ఆ మొదటి నడకలో నొప్పి అంతగా తెలియలేదు, నరాల దగ్గర ఇచ్చిన మందు ఇంకా పనిచేస్తోంది. అది చూసి ఇంతేనా అనుకోకండి. ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు వారాలు, ముఖ్యంగా రాత్రుళ్లు, చుక్కలు కనబడతాయి. నొప్పి బిళ్ల వేళకి వేసుకోవాలి. నొప్పి ముదిరాక వేసుకుంటే లాభం సగమే. వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే ఇంకా మంచిది. ఆ బిళ్లల్లో కొన్నిటికి మలబద్ధకం తప్పదు, దానికి మందు మొదటి రోజు నుంచే అడగండి.

చాపడం దగ్గరికి వద్దాం. తువ్వాలు చుట్టగా చుట్టి మడమ కింద పెట్టాలి, మోకాలి కింద ఏమీ ఉండకూడదు. బరువుకి మోకాలు నెమ్మదిగా కిందికి దిగుతుంది. పది నిమిషాలు అలా ఉంచితే మోకాలి వెనక నరాలు గుంజుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడే మనసు మోకాలి కిందికి దిండు జరపమంటుంది. హాయిగా ఉంటుంది మరి! కానీ ఆ దిండు పెట్టుకుని పడుకున్నవాళ్ల మోకాలు వంగినచోటే బిగుసుకుంటుంది. మా ఫిజియో అబ్బాయి మొదటి రోజే మా ఇంట్లో దిండ్లన్నీ లెక్కపెట్టి రెండు మాత్రం ఉంచి మిగతావి బీరువా మీద పెట్టించాడు. వచ్చిన ప్రతిసారీ కోణమానిని లాంటి ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసేవాడు. లెక్కల టీచర్ని కదా, ఆ అంకెలే నాకు ఉత్సాహం. చాపడం 12 నుంచి 7, 7 నుంచి 3. సున్నాకి చేరేసరికి రెండు నెలలు దాటింది.

మడవడానికి అతను చెప్పిన చిట్కా ఖర్చు లేనిది. గచ్చు మీద కుర్చీ వేసుకుని, మడమ కింద పాలిథిన్ కవరు పెట్టి, కొంచెం పౌడరు చల్లి, కాలు వెనక్కి జార్చడం. టైల్స్ మీద సర్రున జారుతుంది. ఇక పోదు అనిపించిన చోట ఆగి, పిరుదులు కుర్చీలో కొద్దిగా ముందుకి జరిపితే ఇంకో రెండు డిగ్రీలు వస్తాయి. ఇప్పుడు నాది 118 దాకా వంగుతుంది.

దీనికి పోటీగా మేం అద్దెకి తెచ్చిన మిషన్ ఒకటుంది, కాలు అందులో పెడితే అదే మడిచి చాపుతుంది. తెచ్చినవాళ్లు బాగా పొగిడారు. నాకు మాత్రం అది కాలికి ఉయ్యాల ఊపినట్టే అనిపించింది. కండకి పని లేదు, పడుకుని టీవీ చూడటమే. రెండో వారం వెనక్కి పంపేశాం. ఆ అద్దె డబ్బుతో ఫిజియో ఇంకో పక్షం వచ్చేవాడు. మూలన పడ్డవాటిలో ఖరీదైన నీక్యాప్‌లు, ఆన్‌లైన్‌లో తెప్పించిన వంకర దిండు కూడా ఉన్నాయి. ఐస్‌కి మాత్రం ప్రత్యేకమైన బ్యాగులేవీ అక్కర్లేదు. జిప్ కవర్లో ఐస్ ముక్కలు, కాసిని నీళ్లు పోసి, పలచటి తువ్వాల్లో చుట్టి పావుగంట. వ్యాయామం అయిన ప్రతిసారీ. ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు, ఎందుకంటే కోత పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది, చల్లదనం ముదిరినా తెలియదు.

చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చే సలహాలు వేరే. వేడినీళ్ల కాపడం పెట్టమని ఒకరు, ఏదో ఆకు కట్టమని ఒకరు. వాపున్న కొత్త కోత మీద రెండూ వద్దు. మేక కాళ్ల సూపు తాగితే గుజ్జు వస్తుందని మా ఆడపడుచు ఓ క్యారియర్ నిండా తెచ్చింది. మార్చేసిన మోకాల్లో గుజ్జు ఎక్కడిది వదినా, లోపలున్నది ప్లాస్టిక్ ముక్క అన్నాను. సూపు మాత్రం తాగాను, కమ్మగా ఉంది. కండకి గుడ్డు, పప్పు, పాలు, చేప, ఏది తినేవాళ్లకి అది, కాస్త ఎక్కువే కావాలి.

నవ్వులాట కాని విషయం ఒకటుంది. పిక్క గట్టిగా వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయంలోంచి రసి కారినా, జ్వరం తగ్గకపోయినా మర్నాటి దాకా ఆగకూడదు. పిక్కలో రక్తం గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గడ్డ కట్టకుండా ఆపరేషన్ తర్వాత ఇచ్చే మాత్రలో ఇంజెక్షన్లో ఒక్కరోజు కూడా మానకూడదు, మంచంలో ఉన్నా పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూనే ఉండాలి.

మూడేళ్ల తర్వాత పరిస్థితి: చదునైన రోడ్డు మీద గంటసేపు నొప్పి లేకుండా నడుస్తాను. ఆపరేషన్‌కి ముందు కూరల మార్కెట్ సగంలోనే కూలబడేదాన్ని. పుష్కర ఘాట్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని దిగుతాను. సూత్రం తెలిసిందే: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇప్పుడు నా విషయంలో మంచి కాలంటే ఏదో చెప్పడం కష్టం, ఎడమది అంత పాడైంది! మెట్లు దిగేటప్పుడు కుడి మోకాల్లో టక్ మని చిన్న చప్పుడు వస్తుంది, లోహం ప్లాస్టిక్‌కి తగిలే చప్పుడట, నొప్పి లేదు. కోతకి బయటివైపు అరచేయంత మేర ఇప్పటికీ స్పర్శ తక్కువ. తాకితే వెచ్చగా ఉండటం మాత్రం ఏడాదిలోపే పోయింది. విమానాశ్రయంలో గేటు మోగుతుంది, పక్కకి పిలిచి చేత్తో పట్టుకునే మిషన్‌తో చూసి పంపేస్తారు.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ నేల కోసం. బాసింపట్టు వేసుకుని కూర్చోలేను, కింద కూర్చుని ముగ్గు పెట్టలేను, వ్రతానికి పిలిస్తే పీట బదులు కుర్చీ వేయించుకోవాలి. మోకాళ్ల మీద వంగితే ఎవరో లోపల గులకరాయి పెట్టినట్టుంటుంది. ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉన్న చుట్టాలింట్లో రాత్రి ఉండను. వ్యవసాయం చేసుకునేవాళ్లు, నేల మీద కూర్చుని పనిచేసే వృత్తివాళ్లు ఈ సంగతి ముందే సర్జన్‌తో మాట్లాడుకోవాలి. నొప్పి పోయినా పని పోతే ఏం లాభం?

ఎడమదానికి కూడా తేదీ అడిగాను. ఈసారి కార్తీకం దాటాక పెట్టుకుంటున్నాం. కుడిది ఏప్రిల్లో చేయించుకుని, రక్తం గడ్డ కట్టకుండా వేసే, తొడ దాకా ఉండే బిగుతు మేజోళ్లు రాజమండ్రి ఎండల్లో వేసుకుని తిరిగాను. ఫిజియో మాత్రం అదే అబ్బాయి, ముందే మాట్లాడేశాను.