ఆరేళ్లు, 1,900 గంటలు: తుక్కు సామాన్లతో కట్టుకున్న నా బండి ఎలా నడుస్తోంది

మా ఇంట్లో దాని పేరు మిడత. ముందు సన్నగా, వెనక చక్రాలు ఎత్తుగా, మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నట్టు ఉంటుందని పిల్లలు ఆ పేరు పెట్టారు. ఇంజను ఒకప్పుడు నీళ్ల పంపు నడిపింది. గేర్‌బాక్సులు రెండు, రెండూ పాత జీపులవి. వెనక ఇరుసూ జీపుదే. ముందు ఇరుసు చిన్న సరుకుల బండిది, సీటు బస్సుది, బానెట్టు ఫ్రిజ్ తలుపు కోసి చేసింది. ఆరేళ్లుగా వారానికి నాలుగైదు రోజులు పనిచేస్తోంది. గంటల మీటరు 1,900 దాటింది. మట్టి, రాళ్లు, కట్టెలు, ఎరువు, నీళ్ల డ్రమ్ములు, ఒకసారి విరిగిపడిన చెట్టు మొదలు, అన్నీ మోసింది. ఇలాంటిది కట్టుకోవాలని చూస్తున్నవాళ్లకు ఉపయోగపడుతుందని, ఏది నిలబడింది, ఏది నన్ను భయపెట్టింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు లెక్క చెప్తాను, ఎందుకంటే ఈ బండి బాగా కుదిరిందంటే సగం కారణం అదే. ఇంజను పది హార్స్‌పవర్, ఒకే సిలిండర్, డీజిల్, నిమిషానికి 2,000 చుట్లు. దాని పుల్లీకి రెట్టింపు సైజు పుల్లీ బెల్టు అవతలివైపు పెట్టాను, అంటే గేర్‌బాక్సులోకి వెళ్లేది 1,000 చుట్లు. జీపు ఇరుసు నిష్పత్తి 5.38, అంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టాప్ గేరులో చక్రం నిమిషానికి 186 సార్లు తిరుగుతుంది. 6.00-16 టైరు ఒక్క చుట్టుకు దాదాపు 2.3 మీటర్లు పోతుంది కాబట్టి వేగం గంటకు దాదాపు 26 కిలోమీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 2.8, అందులో వేగం తొమ్మిదికి దిగుతుంది, చక్రాల దగ్గర లాగే బలం 300 కిలోల దాకా వస్తుంది. మామూలు బరువులకు అది చాలు. రాళ్ల లోడుతో ఎత్తు ఎక్కాలంటే చాలదు.

అందుకే రెండో గేర్‌బాక్సు. మొదటిదాని వెనకే వరసగా బిగించాను. ఈ కిటుకు నాది కాదు. 1930లు, 40ల్లో అమెరికాలో రైతులు పాత కార్లను కోసి డూడుల్‌బగ్‌లు అనే ట్రాక్టర్లు చేసుకున్నప్పుడు ఇలాగే చేశారు. అదే కాలంలో స్వీడన్‌లో ట్రాక్టర్లు దొరక్క కార్లను మార్చుకున్నవాళ్లూ ఇదే దారి పట్టారు. రెండింటినీ మొదటి గేరులో వేస్తే వేగం గంటకు 3.3 కిలోమీటర్లు, మనిషి నడకకన్నా తక్కువ. ఆ వేగంలో ఈ చిన్న ఇంజను ఎంత బరువు లాగుతుందో కళ్లారా చూస్తేగానీ నమ్మలేం. రెండూ రివర్స్‌లో వేస్తే బండి ముందుకే పోతుంది, ఇంకా నెమ్మదిగా. మొత్తం పది ముందు గేర్లు, ఆరు వెనక గేర్లు. నేను నిజంగా వాడేవి నాలుగు.

దీనికి మూల్యం ఉంది. ఆ జీపు అసలు ఇంజను ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 142 న్యూటన్ మీటర్లు. నా బండిలో మొదటి గేరు గుండా రెండో గేర్‌బాక్సులోకి చేరేది దాదాపు 200. నాలుగో ఏట అందులోంచి సన్నటి కూత మొదలైంది, లోడు పడితే పెరిగేది. విప్పి చూస్తే పళ్లు బాగానే ఉన్నాయి, బేరింగులు అరిగాయి. కొత్తవి వేశాక కూత పోయింది. ఇప్పుడు ఏటా ఒకసారి ఆ గేర్‌బాక్సు ఆయిల్ దించి, అడుగున అయస్కాంతం తిప్పి ఇనుప రజను ఎంత అంటుకుందో చూస్తాను. మీరూ రెండు గేర్‌బాక్సులు పెడితే ఈ అలవాటు చేసుకోండి.

కట్టే రోజుల్లో జరిగిన పెద్ద తప్పు ఇంజను దిశ. పుల్లీ ముందుకు చూసేలా బిగించాను, చేయి పెట్టడానికి వీలుగా ఉంటుందని. మొదటిసారి గేరు వేసి క్లచ్ వదిలితే బండి వెనక్కి కదిలింది. పక్కన నిలబడ్డ మా బావమరిది, "బావా, రివర్స్ పడిందేమో చూడు" అన్నాడు. రివర్స్ వేసి చూస్తే ముందుకు పోయింది. అప్పుడు అర్థమైంది. బెల్టు దిశ మార్చదు, ఇంజను ఎటు తిప్పితే గేర్‌బాక్సు అటే తిరుగుతుంది. నా చేతిలో ఉన్నది ఆరు ముందు గేర్లు, పది వెనక గేర్లు ఉన్న బండి. వెనక ఇరుసును తలకిందులు చేస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. దిశ మారే మాట నిజమే. కానీ ఆ ఇరుసులో పినియన్, అంటే షాఫ్టు తిప్పే చిన్న గేరు, మధ్యగీతకన్నా కిందికి ఉంటుంది. తలకిందులు చేస్తే అది పైకి పోయి దాని బేరింగుకు ఆయిల్ సరిగా అందదు. ఇంజనునే వెనక్కి తిప్పి, ఫ్రేము మీద దాని పాదాలకు కొత్త దిమ్మెలు వెల్డ్ చేశాను. నాలుగు రోజుల పని. వెల్డింగ్‌కు ముందే ఇంజను స్టార్ట్ చేసి ఎటు తిరుగుతుందో చూసి, సుద్దతో బాణం గీసుకుని ఉంటే ఆ నాలుగు రోజులు మిగిలేవి.

బెల్టుల గురించి చాలామంది అనుమానంగా అడుగుతారు. నాకు ఈ బండిలో అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. మూడు బి సైజు వి-బెల్టులు పక్కపక్కనే నడుస్తాయి. చక్రం రాతికి తట్టుకుని ఆగిపోతే బెల్టు జారి అరుస్తుందే తప్ప గేరు పన్ను విరగదు. ఆరేళ్లలో నాలుగు సెట్లు మార్చాను. ఒకటి తెగినా మూడూ కలిపే మార్చాలి. పాతది సాగి ఉంటుంది, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. బిగువు చూడటానికి, రెండు పుల్లీల మధ్య ఖాళీ దూరం అర మీటరైతే మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు సుమారు 8 మిల్లీమీటర్లు దిగాలి. అంతకన్నా బిగిస్తే ఇంజను బేరింగు అరుగుతుంది. వానలో తడిస్తే మాత్రం జారుతాయి, అందుకని పైన రేకు తొడుగు వేశాను. ఆ తొడుగు వానకోసం మాత్రమే కాదు. తిరిగే బెల్టుకు తువ్వాలు కొస దొరికితే మనిషిని లాగేస్తుంది. తొడుగు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు.

ఇక ఫ్రేము. నాలుగు అంగుళాల సి ఛానల్‌తో కట్టాను. ఒంటి సిలిండర్ ఇంజను వణుకు ఎలాంటిదో అప్పటికి నాకు తెలియదు. ఏడాదిన్నర తర్వాత ఒక ఉదయం బండి కడుగుతుంటే ఇంజను వెనక అడ్డపట్టీ దగ్గర పెయింట్ మీద సన్నటి ఎర్రగీత కనిపించింది, వెంట్రుకంత. గోరుతో గీకితే తుప్పు పొడి రాలింది, మళ్లీ గీత అలాగే ఉంది. కిరోసిన్ రాసి తుడిచి, పైన సుద్దపొడి చల్లాను. పది నిమిషాలకు తెల్లటి సుద్దలో తడి గీత రెండు అంగుళాల పొడవున పైకి తేలింది. పగులు! వెల్డ్ మధ్యలో కాదు, వెల్డ్ అంచు అసలు ఇనుముతో కలిసే చోట. దాని మీద ఇంకో పొర వెల్డింగ్ పోస్తే ఆర్నెల్లలో మళ్లీ పగిలేది. పగులు చివర చిన్న రంధ్రం వేసి, పగులు మొత్తం గ్రైండర్‌తో తవ్వి నింపి, పైన వజ్రం ఆకారంలో కోసిన పలక వేశాను. నిలువుగా అడ్డంగా అతుకు పడకుండా బరువు ఏటవాలుగా పంచుకునేలా ఆ ఆకారం. అది నాలుగేళ్లుగా నిలిచి ఉంది. ఇప్పుడు ప్రతి బోల్టు మీదా నట్టు మీదుగా తెల్ల పెయింట్ గీత గీశాను. గీత తప్పితే నట్టు వదులైందని పానా పట్టకుండానే తెలుస్తుంది.

గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసును తిప్పే షాఫ్టు కోసి పొట్టి చేసినప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. రెండు చివర్ల కీళ్లలోని క్రాసులు పట్టుకునే చెవులు ఒకే వరసలో ఉండాలి. కాస్త తప్పినా టాప్ గేరులో బండి మొత్తం అదురుతుంది.

బ్రేకు విషయం రాయాలంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. రెండో ఏడు. వెనక ఆరువందల కిలోల రాళ్లు, ముందు పల్లం. బ్రేకు తొక్కితే సగం దాకా మెత్తగా దిగింది. రెండోసారి తొక్కితే నేలకు తగిలింది. గేరులో ఉంది కాబట్టి ఇంజను పట్టుకుంటుందని డీజిల్ ఆపేశాను. కాస్త పట్టింది, అంతలో బెల్టులు అరుస్తూ జారాయి. పక్కనున్న మట్టి గట్టు మీదికి స్టీరింగ్ తిప్పి ఆపాను. నాకూ ఎవరికీ ఏమీ కాలేదు. విప్పి చూస్తే వెనక చక్రం బ్రేకు సిలిండర్‌లో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పు అంచు చీలిపోయి ఉంది. ఇరుసుతో పాటు వచ్చిన పాత కప్పు అది. చూడటానికి బాగుంది కదా అని మార్చలేదు.

ఈ బండి నాకు నేర్పింది ఏమిటంటే, పాత ఇనుమును నమ్మొచ్చు, పాత రబ్బరును నమ్మకూడదు. ఇరుసు, గేర్లు, స్టీరింగ్ పెట్టె కడిగి, కొలిచి, గ్రీజు పెడితే ఇంకో ముప్పై ఏళ్లు వస్తాయి. బ్రేకు కప్పులు, గొట్టాలు, ఆయిల్ సీళ్లు, బెల్టులు, టైర్లు వాడకపోయినా, ఊరికే మూలన పడున్నా ముసలివైపోతాయి. తుక్కులో దొరికిన టైరు నల్లగా నిగనిగలాడుతున్నా, పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైంది. ఆ వయసు టైరు నేనైతే వేయను. ఆ రోజు తర్వాత పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ నుంచి చివరి గొట్టం దాకా బ్రేకు మొత్తం కొత్తది వేశాను. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చేస్తున్నాను. ఇంకొకటి, బెల్టు జారితే ఇంజను పట్టు పోతుందని కళ్లారా చూశాను గనుక రెండో గేర్‌బాక్సు వెనక షాఫ్టు మీదే వేరే డ్రమ్ము పెట్టి చేతి బ్రేకు కలిపాను. దానికి ఆయిల్‌తో పనిలేదు, ఒట్టి ఇనుప కడ్డీ. బెల్టు తెగినా, గేరు జారినా అది పనిచేస్తుంది. లోడుతో పల్లం దిగాలంటే ముందే ఆగి రెండో గేర్‌బాక్సును మొదటి గేరులో వేసుకుంటాను.

రోజువారీ వాడకం ఎలా ఉంటుందంటే, హ్యాండిల్‌తో స్టార్ట్ చేయాలి. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ మీట ఎత్తి, నాలుగు చుట్లు తిప్పి, ఊపందుకున్నాక మీట వదిలితే ఒక్క దెబ్బకు అందుకుంటుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తంతే హ్యాండిల్ చేతిలోంచి జారిపోవాలి గానీ వేలు విరగకూడదు. మా ఇంట్లో దీన్ని ఎవరు నడపాలన్నా ముందు నేర్పేది ఇదే. చల్లబరచడానికి పైన నీటి తొట్టి ఉంది, రేడియేటర్ లేదు, పంపు లేదు. నీళ్లు మరిగి ఆవిరవుతూ వేడిని తీసుకెళ్తాయి. గట్టిగా పనిచేసే రోజు మూడు నాలుగుసార్లు నీళ్లు పోస్తాను. డీజిల్ సగటున గంటకు లీటరుంపావు. వందగంటలకోసారి ఇంజను ఆయిల్.

చప్పుడు ఎక్కువే. చెవులకు మూతలు లేకుండా గంటకు మించి నడపను. బస్సు సీటు కింద రెండు పొరల రబ్బరు దిమ్మెలు పెట్టాక నడుం నొప్పి తగ్గింది. ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్ బరువు, వెనక లోడు ఎక్కితే మరీ తేలిక. లోడును వెనక ఇరుసుకన్నా ముందువైపు సర్దాలి, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు నేలను సరిగా పట్టవు. దీన్ని రోడ్డు మీదికి తీసుకెళ్లను. ఇంట్లో కట్టిన బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ దొరకడం కష్టం, ఈ వేగంతో, ఈ లైట్లతో ఇతర వాహనాల మధ్య తిరగడం ప్రమాదం కూడా. సొంత నేల దాటి పని ఉంటే వేరే బండి పిలుస్తాను.

వెల్డింగ్ తెలిసి, లెక్క వేసుకునే ఓపిక ఉండి, నెలకు ఒక పూట బండి కింద పడుకుని చూసుకోగలిగేవాళ్లకు ఇది కొన్న బండికన్నా దగ్గరగా ఉంటుంది. నా మిడతలో ఏ శబ్దం ఎక్కడిదో కళ్లు మూసుకుని చెప్పగలను, ఏది చెడినా నా చేత్తోనే బాగుచేసుకోగలను. ఆ ధైర్యం నాకు చాలా విలువైనది. హడావుడిగా బండి కావాల్సినవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు. నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

రెండోది మొదలుపెట్టాను. ఫ్రేము నేలమీద పరిచి ఉంది, ముందు చక్రాలు తేలకుండా ఇరుసుల మధ్య దూరం ఈసారి ఆరు అంగుళాలు పెంచాను. ఇంజను పక్కనే చెక్క దిమ్మెల మీద ఉంది, ఫ్లైవీల్ మీద సుద్దతో పెద్ద బాణం గీసి ఉంది.