అప్పతో నాలుగు కార్యాలయాలు: పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా

మా చిన్న పట్టణంలో పురపాలక కార్యాలయాన్ని మార్చి కట్టాలన్న మాట వచ్చినప్పుడు, నక్షా ఎలా ఉంటే బాగుంటుందో రాసి ఇమ్మని వార్డు పెద్దలు నన్ను అడిగారు. 28 ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి కనుక గీత గీయడం నాకు కష్టం కాదు. ఎవరి కోసం గీస్తున్నానో మరచిపోకుండా గీయడమే కష్టం. అందుకని జనవరిలో 5 రోజులు వీలు చేసుకొని దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వెళ్ళి, అక్కడి కార్యాలయాలను చూసి వచ్చాను.

నాతో మా అప్ప, అంటే అక్క, కూడా వచ్చింది. బావగారు పోయి ఏడాది దాటినా ఇంటి హోల్డింగు, అంటే పురపాలక పన్ను లెక్కలో ఇంటి నమోదు, ఇంకా ఆయన పేరనే ఉంది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి ఆ ధ్రువపత్రం ఒక ఊరిలో, ఇంటి పన్ను మరో ఊరిలో, వారసుల పత్రం తహసీల్దారు దగ్గర, ఇలా మూడు చోట్ల పని మిగిలి ఉంది. అప్పకు 70 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి. ఒడియా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆమె ఎక్కలేని మెట్టు, చదవలేని బోర్డు, కూర్చోలేని బల్ల ఏవో చూస్తే చాలుననుకున్నాను. ఏ లోపం ఏ ఊరి కార్యాలయంలో కనిపించిందో మాత్రం ఇక్కడ చెప్పను, ఎందుకంటే అక్కడ పనిచేసేవారిలో చాలామంది మాతో మర్యాదగానే ప్రవర్తించారు, తప్పు ఎక్కువగా గోడలది.

ప్రయాణం సంగతి ముందు చెప్పాలి. నౌపడ నుంచి గుణుపురం వరకు ఉన్న సుమారు 90 కిలోమీటర్ల రైలు మార్గం 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చిన చిన్న రైలు మార్గమే. 2011 నుంచి దాని మీద బ్రాడ్‌గేజ్ బండ్లు తిరుగుతున్నాయి. పాత బండి నెమ్మదిని తలచుకొనేవారు ఇంకా ఉన్నారు గాని, అప్పకు మాత్రం ఇప్పటి బోగీలో కిటికీ పక్క సీటు, పొలాల అవతల వంశధార కనబడడం రెండూ నచ్చాయి. బండ్లు కొద్ది. పల్లెల నుంచి వచ్చేవారు పొద్దున బస్సుకో బండికో దిగి, మళ్ళీ మధ్యాహ్నం దాన్ని అందుకోవాలి. కార్యాలయం ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, భోజన విరామం ఎంతసేపు అన్నవి ఈ బండి వేళలను చూసి నిర్ణయించినట్టు నాకు ఎక్కడా అనిపించలేదు.

బసల విషయానికి వస్తే, పర్లాకిమిడిలో బస్‌స్టాండు దగ్గరి లాడ్జిలో గది చిన్నదే అయినా కింది అంతస్తులో దొరికింది, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చి ఇచ్చారు, పక్కనే తెలుగువారి హోటల్లో ఇడ్లీ ఉంది. అప్పకు ఇంతకంటే అక్కర లేదు. గుణుపురంలో గది శుభ్రంగా ఉన్నా రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రాయగడలో స్టేషనుకు దగ్గరగా, ఖరీదు కాస్త ఎక్కువైనా, లిఫ్టు ఉన్న చోట దిగాము. కార్యాలయాల పని మీద పెద్దవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చేవారు గది అందాన్ని చూడకుండా అంతస్తును అడిగి తీసుకోవాలి.

మేము చూసిన మొదటి కార్యాలయానికి కొత్తగా రంగు వేశారు, నేలకు నున్నటి టైల్స్ పరిచారు, ముందు మూడు మెట్లు, పక్కన ఒక ర్యాంపు. ఆ మూడు మెట్ల ఎత్తు నా టేపుతో 45 సెంటీమీటర్లు వచ్చింది. ఎత్తుకు 12 రెట్ల పొడవు ఉండాలన్న నియమం ప్రకారం ర్యాంపు 5.4 మీటర్లు ఉండాలి. అక్కడ ఉన్నది 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. దాని మీద మోటారు సైకిళ్ళు ఎక్కించుకొంటున్నారు. అప్ప నా భుజం పట్టుకొని మెట్ల మీదుగానే ఎక్కింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ర్యాంపు ఉందని కాగితం మీద రాసుకోవడం తేలిక, చక్రాల కుర్చీలో ఒక్కసారి మనిషిని కూర్చోబెట్టి తోసి చూస్తే ఆ కాగితం నిలవదు.

రెండవ కార్యాలయంలో కిటికీలు ఐదు ఉన్నాయి, గాజు అడ్డం పెట్టి, మాట్లాడడానికి నడుము ఎత్తులో ఒక కన్నం విడిచారు. గుమాస్తా లోపల కుర్చీలో ఉంటాడు గనుక ఆ కన్నం ఆయన నోటికి సరిగ్గా ఉంటుంది. బయట నిలబడినవారు వంగితే తప్ప వినబడదు. అప్ప రెండుసార్లు వంగి, నావైపు తిరిగి, "ఇలాగ వంగితే అడుక్కోడానికొచ్చినట్టుందిరా తమ్ముడూ" అంది. నేను గీసిన పాత నక్షాలలో కూడా అటువంటి కిటికీలు ఉన్నాయి. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దరఖాస్తులు చాలా వరకు ఆన్‌లైన్‌లోనే వెళ్తున్నాయి. అది మంచిదే, దూరం తగ్గింది. కాని అప్ప ఇంటి హోల్డింగుకు కట్టి ఉన్న ఫోను నంబరు బావగారిది, రీచార్జి లేక అది ఎప్పుడో ఆగిపోయింది, ఓటీపీ దానికే వెళ్తుంది. యంత్రం దగ్గర ఆగిన ఈ ముడి విప్పడానికి చివరికి ఒక మనిషే కావాలి. ఆ మనిషి ఏ గదిలో ఉంటాడో చెప్పేవారు ద్వారం దగ్గరే ఉండాలి. మొదటి రెండు చోట్లా ద్వారం దగ్గర ఎవరూ లేరు.

బోర్డుల భాష నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఒడిశా రాజభాష ఒడియా, దానిలో బోర్డులు ఉండడం సహజం, ఉండాలి కూడా. దాని కింద రోజూ వచ్చేవారి భాషలో నాలుగు మాటలు రాస్తే ఒడియాకు తరుగు ఏమీ రాదు. 1936లో ఈ ప్రాంతం ఒరిస్సాలో చేరినా ఇళ్ళలో తెలుగు పోలేదు, కొండల మీద సవర గిరిజనుల భాష పోలేదు. ఎవరైనా తమ ఫిర్యాదును దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెప్తుంది. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. సవర నేర్చుకొని సవర పిల్లలకు ఆ భాషలో చదువు చెప్పాలని పాటుపడినవారు, మనుషులకు అర్థమయ్యే మాటలోనే రాయాలని వాదించినవారు. ఆ ఊరి వీధుల్లో నడుస్తున్నప్పుడు, దరఖాస్తు ఫారం పట్టుకొని ఎవరిని అడగాలో తెలియక నిలబడిన ఒక సవర ఆడమనిషిని చూసి, ఆయన తలపుకు రాక తప్పలేదు.

మూడవ కార్యాలయం అన్నిటికంటే పాతది, గోడలు పెచ్చులూడి ఉన్నాయి. మా యాత్రలో బాగుందని చెప్పదగింది అదే. ముందు పొడవైన వసారా, దానికి తూర్పున వేపచెట్టు. వసారాలో ఒక బల్ల, దాని వెనక ఒక గుమాస్తా, ఎదురుగా రెండు కుర్చీలు. ఎవరు వచ్చినా ముందు ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆయన కాగితాలు తిరగేసి, ఏది ఉందో ఏది లేదో, ఎంత రుసుమో చెప్పి, సరిపోతేనే లోపలికి పంపుతాడు. అప్ప కాగితాలలో వారసుల పత్రం జెరాక్సు మీద సంతకం లేదని ఆయన రెండు నిమిషాలలో పట్టుకున్నాడు. అది లోపల ఏ కిటికీ దగ్గరో తేలి ఉంటే మాకు ఒక రోజు పోయేది. 2012 నాటి ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం కింద ఏ సేవకు ఎన్ని రోజుల గడువు, బాధ్యుడైన అధికారి ఎవరు, జాప్యమైతే అప్పీలు ఎవరికి అన్నది ఆయన వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చెట్టు కింద అర్జీలు రాసే ఇద్దరిని ఎవరూ తరమలేదు, పైగా వారికి ఎండ తగలకుండా రేకు వేశారు. ఆడవారి మరుగుదొడ్డికి తాళం లేదు, నీళ్ళు ఉన్నాయి. ఈ ఒక్కదాన్ని చూసే అప్ప ఆ ఊరి మీద మంచి మాట అన్నది.

నాలుగవదాని గురించి చెప్పవలసింది తక్కువ. భవనం పెద్దది, కాని జనన మరణాల నమోదు పై అంతస్తులో ఉంది, అధికారి గది కింద ఉంది. చంటిబిడ్డ తల్లి, భర్త పోయిన ముసలామె, వీరిద్దరే ఎక్కువగా వచ్చేది నమోదు గదికి. ఆ రెండు గదులను ఒకదాని చోటికి ఒకటి మార్చడానికి ఒక్క ఇటుక కదపనక్కర లేదు.

తిరుగు ప్రయాణంలో, రాయగడ స్టేషను ప్లాట్‌ఫారం బల్ల మీద, నక్షా మొదలుపెట్టాను. ముందు వసారా గీశాను. పడమటి ఎండ పడకుండా దాన్ని తూర్పుకు తిప్పాను. నమోదు, పన్ను, మంచినీటి కనెక్షను, వ్యాపార లైసెన్సు నాలుగూ కింద, అధికారి గది పై అంతస్తులో. ద్వారాలు 900 మిల్లీమీటర్లు. కిటికీకి గాజు లేదు, బల్ల ఉంది, ఇరువైపులా కుర్చీలు ఉన్నాయి. కూర్చునే బల్ల ఎత్తు దగ్గర ఆగాను. అప్పను లేచి మళ్ళీ కూర్చోమన్నాను. చేయి ఆనించకుండా ఆమె లేవగలిగిన ఎత్తు కోసం నా సంచి, దాని మీద దుప్పటి, దాని మీద ఆమె శాలువ పేర్చి మూడుసార్లు చూశాము. 48 సెంటీమీటర్లు వచ్చింది. అదే రాసుకున్నాను.